చలికాలంలో ల్వివ్ వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

రష్యాతో యుద్ధం ముగిసేవరకు కేవలం విహారం కోసం ఎవరూ పశ్చిమ ఉక్రెయిన్ నగరమైన ల్వివ్‌కు ప్రయాణం పెట్టుకోవద్దని ముందే చెప్పాలి. ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 24 నుంచి మార్షల్ లా (యుద్ధకాలపు సైనిక చట్టం) అమలులో ఉంది. కీవ్‌లోని మన రాయబార కార్యాలయం ఆ ఏడాది అక్టోబరులోనే అక్కడికి రావద్దని భారతీయులను కోరింది. అయినా వైద్యవిద్య సగంలో ఆగిపోయిన విద్యార్థులకు, సహాయక బృందాలవారికి, అక్కడ బంధుత్వం ఉన్నవారికి వెళ్లక తప్పని సందర్భాలు ఉంటాయి. అలా వెళ్లినవారు ఏడున్నర శతాబ్దాలకు పైబడిన ఆ నగరాన్ని చూడకుండా తిరిగిరావాలని ఎవరూ అనరు గాని, చూసే పద్ధతి మాత్రం శాంతికాలపు పద్ధతి కాకూడదు.

ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూసి ఉన్నందున, సాధారణంగా పోలండ్ సరిహద్దు పట్టణమైన ప్షెమిష్ల్ వరకు చేరి, అక్కడి నుంచి రైలులోనో బస్సులోనో ల్వివ్ వెళ్లాలి. ఇక్కడ మనవారు ముఖ్యంగా గమనించవలసినది పోలండ్ సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా. ఒకేసారి ప్రవేశానికి ఇచ్చిన వీసాతో పోలండ్ దాటి ఉక్రెయిన్‌లో అడుగుపెడితే, తిరుగు ప్రయాణంలో మళ్లీ పోలండ్‌లోకి రావడానికి ఆ వీసా పనికిరాదు. అందువల్ల ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలున్న వీసా చేతికి వచ్చాకే టికెట్లు కొనాలి. సాధారణ ప్రయాణ బీమా పాలసీల్లో చాలావరకు యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి కాబట్టి, యుద్ధ ప్రమాదానికి కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న పాలసీనే తీసుకోవాలి.

ల్వివ్ పోలండ్ సరిహద్దుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోనే, యుద్ధరేఖకు చాలా దూరంగా ఉంది. ఆ దూరాన్ని చూసి ధైర్యపడటం ప్రమాదకరం. 2023 జులై 6న నివాస భవనంపై పడిన క్షిపణి పదిమందిని బలిగొంది. 2024 సెప్టెంబరు 4 నాటి దాడిలో ఏడుగురు మరణించగా పాత భవనాలు కూడా దెబ్బతిన్నాయి. క్షిపణులను మోయగల మిగ్-31 విమానం రష్యాలో గాలిలోకి లేవగానే ఉక్రెయిన్ అంతటా సైరన్ మోగుతుంది, ఆ హెచ్చరిక చాలాసార్లు ఏ నష్టమూ లేకుండా ముగుస్తుంది. స్థానికులు కొందరు కాఫీ తాగుతూ కూర్చునే ఉండటం చూసి కొత్తవారు కూడా కదలకుండా ఉండిపోవడం నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. ఏళ్ల తరబడి సైరన్‌లతో బతుకుతున్న వారి అలసటను మనం అనుకరించకూడదు. గగనతల హెచ్చరికల యాప్‌ను సరిహద్దు దాటకముందే ఫోన్‌లో పెట్టుకోవాలి. బసకు గది తీసుకునేటప్పుడు భవనానికి నేలమాళిగ ఆశ్రయం ఉందో లేదో అడగాలి. ఆశ్రయం చేరే వ్యవధి లేకపోతే కిటికీలకు దూరంగా, బయటి గోడకూ మనకూ మధ్య మరో గోడ ఉండేలా నిలబడాలి. అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు కర్ఫ్యూ ఉంటుంది గనుక రాత్రి భోజనం అయ్యాక వీధుల్లో ఆలస్యం చేయరాదు, పాస్‌పోర్టు లేకుండా బయటకు రానేరాదు.

1998లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన పాతనగరాన్ని యునెస్కో 2023లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. పాతనగరపు ప్రధాన కూడలి అయిన రీనోక్ చౌకులోని ఫౌంటెన్ల విగ్రహాలను, లాటిన్ కెథెడ్రల్ రంగు అద్దాలను 2022లోనే కప్పి భద్రపరిచారు. కాబట్టి అన్నీ కళ్లారా చూడగలమని ఆశించవద్దు. అయినా చూడవలసినవి చాలా ఉన్నాయి. 14వ శతాబ్దపు ఆర్మీనియన్ కెథెడ్రల్ లోపలి గోడలపై 1920ల్లో వేసిన చిత్రాలు, 17వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన బోయిమ్ చాపెల్ ముఖభాగంపై నల్లబడిన రాతిశిల్పం నిదానంగా నిలబడి చూడదగినవి. ఈ రెండూ పాతనగరం నడిబొడ్డునే ఉండటంవల్ల ఆశ్రయం దగ్గరలో దొరుకుతుంది. భూగర్భంలోకి మళ్లించిన పోల్త్వా నదిపై 1900లో ప్రారంభమైన ఒపేరా భవనంలో ప్రదర్శనలు ఉంటాయి. సైరన్ మోగితే ప్రదర్శన ఆపి ప్రేక్షకులను కిందికి పంపుతారు, అప్పుడు సిబ్బంది చెప్పిన దారినే నడవాలి. హైకాజిల్ కొండ, చెక్క చర్చిలున్న షెవ్చెంకో వనం ఆరుబయలు ప్రదేశాలు. అక్కడికి పగటివేళ, హెచ్చరిక లేని సమయం చూసుకుని, తిరిగివచ్చే దారి తెలుసుకుని వెళ్లాలి.

చలి వేరే ప్రమాదం. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉన్నప్పుడు రాతి పలకల వీధులు మంచుతో నున్నబడతాయి, పాత భవనాల చూరుల నుంచి మంచుకడ్డీలు విరిగిపడతాయి. గట్టిపట్టు ఉన్న అడుగుల బూట్లు కొనాలి, గోడవారగా నడవకూడదు. విద్యుత్ కేంద్రాలపై దాడులవల్ల గంటల తరబడి కరెంటు ఉండని రోజులున్నాయి. కోత సమయం దగ్గరపడినప్పుడు లిఫ్టు ఎక్కవద్దు. పవర్ బ్యాంకు, టార్చిలైటు, కొంత నగదు హ్రివ్నియాలు (ఉక్రెయిన్ కరెన్సీ) ఎప్పుడూ వెంట ఉండాలి. వేడి, కరెంటు, ఇంటర్నెట్ దొరికే ప్రజా ఆశ్రయ కేంద్రాలు ఊళ్లో ఏర్పాటు చేశారు, మీ బసకు దగ్గరలోది ఎక్కడుందో తొలిరోజే చూసి పెట్టుకోండి.

ప్రతి ఉదయం 9 గంటలకు యుద్ధంలో మరణించినవారి కోసం దేశమంతా ఒక నిమిషం మౌనం పాటిస్తారు, ఆ సమయంలో మీరూ నడక ఆపండి. సైనికుడి అంతిమయాత్ర వీధిలో సాగుతుంటే జనం మోకాళ్లపై కూర్చుంటారు, ఫోన్ జేబులోనే ఉంచి తలవంచి నిలబడితే చాలు. లిచాకివ్ శ్మశానవాటికలో ఉక్రేనియన్ కవి ఇవాన్ ఫ్రాంకో సమాధి, శిల్పకళ చూడటానికి వెళ్లినవారు, పక్కనే ఉన్న సైనికుల కొత్త సమాధుల వద్దకు కెమెరా తీయకుండా వెళ్లాలి. అక్కడ తల్లులు కూర్చుని ఉంటారు. సైనికులు, తనిఖీ కేంద్రాలు, క్షిపణి పడిన చోట్ల ఫొటోలు తీయడం, పంచుకోవడం నేరంగా పరిణమించవచ్చు. రష్యన్ భాష కొద్దిగా వచ్చినా అక్కడ దానితో మాట మొదలుపెట్టకండి. ఉక్రేనియన్‌లో ధన్యవాదాలకు "ద్యాకుయు" అంటే సరిపోతుంది, తరవాత ఇంగ్లీషులో మాట్లాడవచ్చు.

బయలుదేరేముందు రాయబార కార్యాలయంలో మీ పేరు, బస చిరునామా నమోదు చేయించి, ఇంట్లో ఒకరికి రోజూ ఏ వేళకు ఫోన్ చేస్తారో చెప్పండి. అగ్నిమాపక దళానికి 101, పోలీసుకు 102, అంబులెన్సుకు 103 నంబర్లను ఫోన్‌లోనే కాక ఒక కాగితంపై కూడా రాసి, రక్తవర్గం, వాడే మందుల పేర్లతో కలిపి కోటు లోపలి జేబులో పెట్టుకోండి.