ఫణిగిరి గుట్ట ఎక్కేముందు

సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్టెక్కి పావుగంటలో దిగొచ్చి, "అక్కడేముంది, ఇటుకలు తప్ప" అనేవాళ్లు చాలామంది. ఫోటోల్లో మెరిసే రాతి తోరణం, చెక్కుడు పలకలు చాలావరకు గుట్ట మీద ఉండవు, భద్రత కోసం తరలించారు. పైన మిగిలింది ఇక్ష్వాకుల (మూడు, నాలుగో శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన రాజవంశం) కాలానికి నిండుగా ఉన్న బౌద్ధారామం పునాదులు. శిల్పాల ఫోటోలు ముందే ఫోన్‌లో దించుకోండి, పైన సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సూర్యాపేట నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. జనగామ దారి పట్టి నాగారం దగ్గర దిగితే ఆటో దొరుకుతుంది. రానుపోను మాట్లాడుకోండి, లేకపోతే తిరుగు ప్రయాణంలో నిలబడాల్సి వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. పొద్దున్నే ఎక్కాలి: పది దాటితే బండ కాలుతుంది, నీడ తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు తప్పనిసరి. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు, పాకుడు పట్టిన రాయి మీద కాలు నిలవదు.

పైకి చేరాక ముందు మహాస్తూపం. కుడిచేతి వైపు స్తూపం ఉండేలా ఒక చుట్టు తిరగండి, ఆనాటి ప్రదక్షిణ దారీ అదే. తర్వాత చైత్యగృహాలు, అంటే పూజా మందిరాలు: ఒక కొస సూటిగా, ఇంకో కొస ఏనుగు వెనక భాగంలా గుండ్రంగా ఉంటుంది. ఈ వంపు దొరికిందంటే పూజాస్థలం దొరికినట్టే. చివరికి విహారాలు. ఇక్కడే తీరిగ్గా కూర్చోవాలి. నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ భిక్షువుల గదులు. గోడలు మోకాలెత్తే కాబట్టి నిలబడి చూస్తే గడులు గీసిన బొమ్మలా కనిపిస్తుంది. ఒక గది గడప దగ్గర గొంతుకూర్చుంటే మనిషి పడుకునే చోటెంతో తెలుస్తుంది.

ఇటుకను జానతో కొలవండి, ముట్టకుండా. ఇప్పటి ఇటుక ఒక జాన, ఆ కాలానిది రెండు జానలకు అటూఇటూ. అంచులు మరీ పదునుగా ఉంటే తర్వాతి మరమ్మతు అయ్యుండొచ్చు.

ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడు ధర్మచక్రం నిలిపినట్టు ఇక్కడి శాసనం ఒకటి చెబుతుంది. ఎక్కడ అక్షరాలు కనిపించినా సుద్ద రుద్దొద్దు, నీళ్లు పోయొద్దు. ఏటవాలు ఎండ పడితే గీతలు వాటంతటవే తేలతాయి.

కుండపెంకు కూడా ఏరొద్దు. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. కుండ ఏ పొరలో, ఏ గోడ పక్కన ఉందో తెలిస్తేనే దాని కాలం తేలుతుంది. చేతికందిన పెంకు జేబులో వేసుకుంటే ఆ లెక్క చెడుతుంది.

గోడల మీద నడవకండి, పై వరుస ఇటుక కదిలితే వానకు లోపలి మన్ను జారుతుంది. పొద్దు మిగిలితే గాజులబండ, వర్ధమానుకోట అనే బౌద్ధ స్థలాలు కూడా ఈ చుట్టుపక్కలే, ఆటోతో మాట్లాడేటప్పుడే వాటినీ కలిపి చెప్పండి.