అమరావతి శిల్పాల గదిలో జనం ఆగేలా చేయడం ఎలా

మ్యూజియంలో గ్యాలరీ మార్చాలనుకోగానే మొదట పెయింటర్‌ని, ఆ వెంటనే టచ్‌స్క్రీన్ అమ్మేవాళ్లని పిలుస్తారు. ఆ రెండూ తర్వాతి సంగతి. ముందు గది ప్లాను 50 జిరాక్సులు తీయించండి. ఒక్కో సందర్శకుడికి ఒక కాగితం. ఎటు నడిచారో గీత గీసి, ఆగినచోట ఎన్ని సెకన్లు నిలబడ్డారో రాయాలి. ఒక పనిరోజు, ఒక ఆదివారం చూస్తే సరిపోతుంది.

అమరావతి బౌద్ధ స్తూపం నుంచి వచ్చిన సున్నపురాతి పలకల ముందు జనం ఆగకపోవడానికి పెద్ద కారణం, ఆ ముక్క స్తూపంలో ఎక్కడిదో తెలియకపోవడం. గుమ్మం దగ్గరే స్తూపం బొమ్మ పెట్టండి. అందులో అండం (గుండ్రటి గుమ్మటం), చుట్టూ వేదిక (రాతి కంచె), నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు (అరుగుల మీద నిలిపిన రాతి స్తంభాలు) స్పష్టంగా కనిపించాలి. ప్రతి లేబుల్ మీదా అదే బొమ్మ చిన్నగా వేసి, ఆ ముక్క ఉండే చోటుకి మాత్రం ఎరుపు రంగు వేయండి. ఇంతకంటే చవకైన మార్పు లేదు. నడకదారి ప్రదక్షిణలా సాగి, శిల్పాలు కుడిచేతి వైపు ఉండాలి.

ఇక బరువు. 1.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పలక దాదాపు 550–600 కిలోలు తూగుతుంది. మేడమీది గదైతే ఇంజనీరు చూసి సరేననే దాకా ఏదీ జరపొద్దు.

లైటు దగ్గరే ఎక్కువ పొరపాట్లు. నెత్తిమీద ట్యూబ్‌లైట్లు వరసగా వెలిగితే చెక్కడంలో లోతు కనిపించదు. చీకటి పడ్డాక ఒకరు టార్చి పట్టుకుని పలక పక్కనుంచి మెల్లగా జరపాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి చూడాలి. ముఖాలు తేలిన కోణంలో స్పాట్‌లైటు బిగించండి. గోడకు 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. మరీ వాలుగా పడితే ఒక బొమ్మ నీడ పక్క బొమ్మను మింగేస్తుంది. రాయికి వెలుగుతో భయం లేదు. అదే గదిలో తాటాకు ప్రతులో పాత బట్టలో ఉంటే మాత్రం వాటిని విడిగా, 50 లక్స్ (వెలుగు కొలత) దాటని వెలుగులో ఉంచాలి.

రెండువైపులా చెక్కిన పలకను గోడకి ఆనించకండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్కకి రెండువైపులా చెక్కిన బొమ్మలో, ముందున్న మెఫిస్టోఫిలిస్ వెనక ఉన్న మార్గరెట్టాను అద్దం చూపిస్తుంది కదా, చోటు తక్కువైతే ఆ ఉపాయమే వాడండి.

లేబుల్ 60 మాటలు దాటొద్దు. తెలుగు పైన, ఇంగ్లీషు కింద. వత్తులు, గుడులు కలిసిపోకుండా అక్షరం కనీసం 24 పాయింట్లు, వరసల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం ఉండాలి. "సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం" అని మొదలుపెడితే ఎవరూ రెండో వాక్యందాకా రారు. "అందరూ దండం పెడుతున్న ఆసనం ఖాళీగా ఉందేం?" అని అడగండి, చూపు రాతి మీదికి వెళ్తుంది. జవాబు కింద ఇవ్వండి: కొన్ని పలకల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా ఖాళీ ఆసనంగా, పాదముద్రలుగా చూపించారు.

లేబుళ్లు వినైల్ మీద అచ్చు వేయించే ముందు మామూలు కాగితం మీద తీసి వారం అంటించి చూడండి. తాకడానికి ప్లాస్టర్ నకలు ఒకటి పెడితే "ముట్టుకోవద్దు" అన్న కేకలు తగ్గుతాయి.

అన్నీ అయ్యాక మళ్లీ 50 కాగితాలు. ఇంకా ఎవరూ ఆగని పలకకి ముందు లైటు మార్చండి, తర్వాత లేబుల్. పలకను జరపడం ఆఖరున.