చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఏం చేయాలి? గుడాఖు వాడే ఇళ్లకు ముఖ్యంగా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో తెల్లవారగానే చూపుడు వేలికి గుడాఖు రాసుకుని పెరట్లో కూర్చునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పంటి నొప్పికీ చిగుళ్ల వాపుకీ అదే మందని పెద్దవాళ్ల నమ్మకం. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసే ఆ ముద్దకు చిగుళ్లను నయం చేసే గుణం లేదు. పైగా పొగాకులోని నికోటిన్ చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే వాడేవారికి రక్తం తక్కువగా కనిపిస్తుంది, జబ్బు లేదనుకుంటారు. లోపల పంటిని పట్టుకున్న ఎముక మాత్రం తరుగుతూనే ఉంటుంది.

ముందు అద్దంలో చూసుకోండి

వెలుతురున్న చోట పెదవిని కిందికి లాగి చూడండి. బాగున్న చిగురు గట్టిగా, అంచు పలచగా, పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. రంగు లేత గులాబీ. కొందరికి పుట్టుకతోనే నల్లని చారలుంటాయి, వాటితో ఇబ్బంది లేదు. జబ్బు మొదలైతే అంచు ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతుంది. ఆ తర్వాత కింది ముందు పళ్ల లోపలి వైపు నాలుకతో తడిమి చూడండి. గరుకుగా తగిలేది గార. తోమకుండా వదిలేసిన పాచి లాలాజలంలోని ఖనిజాలతో కలిసి కొద్ది రోజుల్లోనే అలా గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక బ్రష్‌తో రాదు. పిన్నీసుతో గీకితే చిగురు చీలుతుంది, ఆ పని చేయకండి.

రక్తం, వాపు మాత్రమే ఉంటే మొదటి దశ. ఇది పూర్తిగా తగ్గిపోతుంది. చిగురు జారి పళ్లు పొడుగ్గా కనిపించడం, కొత్తగా సందులు పడటం, చీము, వదలని దుర్వాసన, పన్ను కదలడం ఎముక దాకా వెళ్లిన జబ్బుకు గుర్తులు. తరిగిన ఎముక దానంతట అది తిరిగి పెరగదు, మిగిలినదాన్ని కాపాడుకోవాలి.

రక్తం వచ్చే చోటే తోమండి

చాలామంది రక్తం చూసి ఆ చోటు వదిలేస్తారు. పాచి అక్కడే పేరుకుని వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తని బ్రష్ తీసుకుని, కుచ్చు చిగురు అంచు వైపు వాలేలా ఏటవాలుగా పట్టుకోండి. చిన్న చిన్న కదలికలతో, నొక్కకుండా, రెండు నిమిషాలు తోమండి. రాత్రి పడుకునే ముందు తోమడం తప్పనిసరి. పళ్ల సందులకు దంతాల దారం గానీ సందుల బ్రష్ గానీ వాడండి. ఇటుక పొడి, బొగ్గు పంటి పైపొరను అరగదీస్తాయి. వేపపుల్ల అలవాటున్నవారు కొనను బాగా నమిలి మెత్తబరిచి, ఒత్తకుండా వాడాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుంది, గార మాత్రం పోదు.

గార తీయించుకోండి

గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర బలంగా ఉంది. గార అడ్డు తొలగాక అప్పటికే ఉన్న సందులు బయటపడతాయి, కొన్నాళ్లు చల్లని నీళ్లు తగిలితే జివ్వుమంటుంది. పళ్లు వదులైతే అది జబ్బు వల్లే. దంత వైద్యులు సన్నని కొలకర్రతో చిగురుకూ పంటికీ మధ్య లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల వరకు సాధారణం. అంతకు మించితే పంటి వేళ్ల దాకా లోతుగా శుభ్రం చేయాల్సి రావచ్చు. మధుమేహం ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ వల్ల కూడా కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపకండి. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు వల్ల చక్కెర అదుపు తప్పుతుంది. గర్భిణులకు వాపు, రక్తం ఎక్కువవుతాయి. వారు కూడా గార తీయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు మరీ అనువైన కాలం.

గుడాఖు మానేశాక మొదటి వారాలు

ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. పొగాకు మానిన కొద్ది వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం మునుపటికన్నా ఎక్కువ రావచ్చు. రక్తనాళాలు మళ్లీ తెరుచుకుంటున్నాయి కాబట్టి దాగి ఉన్న వాపు బయటపడుతోందన్నమాట. "మానేశాకే జబ్బు వచ్చింది" అని చాలామంది మళ్లీ డబ్బీ తెరిచేది ఇక్కడే. అప్పుడు తోమడం ఆపకుండా వైద్యులకు చూపించాలి. మానడం కష్టంగా ఉంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సలహా కేంద్రం అది.

ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గుడాఖు పెట్టే చోట తెల్లని మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, క్యాన్సర్ పరీక్ష చేయించాలి.