నాట్యం చేసేవాళ్ల బెరుకుకు కదలిక వైద్యం – 3వ పాఠం: అద్దానికి వీపు తిప్పి

పోయిన పాఠంలో పాదాల బరువు నేల మీద ఎక్కడ పడుతోందో గమనించాం. అది ఇంకా పట్టుబడకపోతే ఇంకొన్నాళ్లు అక్కడే ఆగండి, తొందరేం లేదు.

ఈసారి అద్దం సంగతి. ఏళ్ల తరబడి అద్దంలో చూసుకుంటూ తప్పులు దిద్దుకున్నాక, అద్దం లేని చోట కూడా లోపల ఎవరో కూర్చుని మార్కులు వేస్తూనే ఉంటారు. వేదిక ఎక్కేముందు వచ్చే "నా వల్ల కాదేమో"లో చాలా భాగం ఆ గొంతుదే. దానితో వాదించి గెలవలేం. కాసేపు దానికి పని లేకుండా చెయ్యడమే నయం.

జర్మన్ నర్తకి మేరీ విగ్మన్ దగ్గర నేర్చుకున్న అమెరికన్ నర్తకి మేరీ వైట్‌హౌస్ 1950లలో మొదలుపెట్టిన సాధనకు ఇప్పుడు అథెంటిక్ మూవ్‌మెంట్ అని పేరు. కళ్లు మూసుకుని ఒకరు కదులుతారు, ఇంకొకరు సాక్షిగా కూర్చుంటారు. అంతే.

నేల ఖాళీ చెయ్యండి. పాట వద్దు, తాళం వినపడితే కాళ్లు నేర్చిన అడుగే వేస్తాయి. నమ్మకమున్న స్నేహితుల్లో ఒకరిని సాక్షిగా ఓ మూల కూర్చోబెట్టి, 5 నిమిషాలకు అలారం పెట్టుకోండి. కళ్లు మూసుకుని నిలబడండి, కదలాలని కదలకండి. కాసేపటికి భుజమో మెడో తనంతట తానే కదలబోతుంది, దాని వెంట వెళ్లండి. చెయ్యి లేస్తుంది, మోచెయ్యి సర్దుకుంటుంది, వేళ్లు చక్కగా భంగిమ పట్టేస్తాయి. అది అలవాటు, తప్పేం కాదు. మణికట్టును మాత్రం వదులుగా వేలాడనిచ్చి, ఆ బరువు చేతిని ఎటు లాగితే అటు పోనివ్వండి. ఏమీ కదలకపోతే నిలబడే ఉండండి, అదీ సాధనే.

అయ్యాక ముందు మీరు మాట్లాడండి, తర్వాత సాక్షి. సాక్షి "బావుంది" అనకూడదు. మెచ్చుకోలూ మార్కులే కదా! "నువ్వు మోకాళ్లు వంచినప్పుడు నాకు ఊపిరి బిగిసింది" లాంటి తన అనుభవమే చెప్పాలి. ఇది ఎక్కువమందికి కదలడం కన్నా కష్టం.

మధ్యలో కంగారు పుడితే కళ్లు తెరిచి, గదిలో వస్తువుల పేర్లు పైకి చెప్పండి. రోజూ దడ, నిద్రలేమి ఉన్నవాళ్లు శిక్షణ పొందిన థెరపిస్టు దగ్గరికే వెళ్లాలి. ఈ పాఠాలు ఆ చికిత్సకు బదులు కావు.

వచ్చే పాఠానికి మీకు బాగా భయం పుట్టించే నాట్యాంశంలోంచి ఓ చిన్న ముక్క ఎంచుకుని ఉంచుకోండి. దాన్ని ముందు సగం వేగంతో, కళ్లు మూసుకుని చేస్తాం.