కంప్యూటర్ నేర్పేటప్పుడు ముందుగా తెరను చదవడం నేర్పండి

కంప్యూటర్‌ను మొదటిసారి తాకుతున్నవారికి వర్డ్, ఎక్సెల్ వంటివి నేర్పడానికి కూర్చున్నవారిలో ఎక్కువమంది ఏ బటన్ ఎక్కడుందో చూపించడంతో మొదలుపెడతారు. నేర్చుకునేవారు దాన్ని శ్రద్ధగా నోట్సులో రాసుకుంటారు. ముందు ఇది నొక్కాలి, తరువాత అది నొక్కాలి అన్న ఆ వరుస పాఠం జరిగిన రోజు చక్కగానే పనిచేస్తుంది. మర్నాడు తెర మీద అనుకోని పెట్టె ఒకటి తెరుచుకున్నా, నిన్న కనిపించిన బటన్ ఇవాళ మసకబారి ఉన్నా, నోట్సులో దానికి జవాబు దొరకదు. చెయ్యి అక్కడే ఆగిపోతుంది. అందువల్ల బటన్ల వరుస కంటే ముందుగా నేర్పవలసింది తెరను చదవడం అని నా గట్టి అభిప్రాయం. కంప్యూటర్ ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో, ఇంతకుముందు చేసిన క్లిక్‌తో ఏం మారిందో తెర ఎక్కడో ఒకచోట చూపిస్తూనే ఉంటుంది. ఆ గుర్తులను కనిపెట్టే అలవాటు పడినవారు, మీరు నేర్పని పని ఎదురైనప్పుడు కూడా సొంతంగా దారి వెతుక్కోగలుగుతారు.

దీనికి మొదటి నియమం నేర్పేవారికే వర్తిస్తుంది. పాఠం జరుగుతున్నంతసేపూ మౌస్ నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వండి, నేను చేసి చూపిస్తాను" అంటూ మీరు మౌస్ అందుకోగానే పాయింటర్ వారి కళ్ళు అందుకోలేనంత వేగంగా పరుగెత్తుతుంది, పని పూర్తవుతుంది, వారికి మాత్రం ఏమీ మిగలదు. పక్కన కూర్చుని మాటతో చెప్పండి. మాట చాలనప్పుడు వేలితో తెర మీద చూపండి. చెప్పేటప్పుడు కూడా "అక్కడ నొక్కండి" అనకుండా, "పైన ఎడమ మూలలో ఫైల్ అన్న మాట కనిపిస్తోందా?" అని అడగండి. ప్రతి క్లిక్ తరువాతా "ఇప్పుడు తెర మీద ఏం మారింది?" అన్న ప్రశ్న వేయండి. మొదట్లో "ఏమీ మారలేదు" అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. రానివ్వండి, మళ్ళీ చూడమనండి. నేర్పేవారి ఓపికకు అసలైన పరీక్ష ఆ ఎదురుచూపులోనే ఉంది.

మౌస్, కీబోర్డు

పాయింటర్ రూపం మారుతూ ఉంటుందన్న సంగతి రోజూ కంప్యూటర్ వాడేవారి దృష్టికి కూడా రాదు, ఎందుకంటే వారు దాన్ని ఆలోచించకుండానే అర్థం చేసుకుంటారు. కొత్తవారికి దాన్ని విడిగా చూపించాలి. మామూలుగా బాణంలా ఉండే పాయింటర్, అక్షరాలు టైప్ చేయగల చోటికి వెళ్ళగానే నిలువు గీతగా మారుతుంది. లింకు మీద చెయ్యి ఆకారం పొందుతుంది. కిటికీ (విండో) అంచు మీద రెండు వైపులా మొనలున్న బాణమవుతుంది. కంప్యూటర్ పనిలో మునిగి ఉంటే గుండ్రంగా తిరుగుతుంది. క్లిక్ చేయనవసరం లేకుండా, కేవలం పాయింటర్‌ను తెరంతా తిప్పుతూ అది ఎక్కడెక్కడ మారుతోందో గమనించమనండి. చెయ్యి కుదురుకోవడానికి ఇదే మంచి సాధన.

డబుల్ క్లిక్ దగ్గర చాలామంది తడబడతారు. రెండు నొక్కుల మధ్య వ్యవధి కాస్త పెరిగి, నొక్కిన చోటు ఫైలు పేరు మీద అయితే, ఫైలు తెరుచుకోవడానికి బదులు దాని పేరు రంగు పెట్టెలో చిక్కుకుని మార్చడానికి సిద్ధమవుతుంది. ఆ స్థితిలో తెలియకుండా ఏదో ఒక అక్షరం నొక్కితే పాత పేరు చెరిగిపోతుంది. ఎస్కేప్ కీ నొక్కితే పాత పేరు తిరిగి వస్తుందని చూపించండి. డబుల్ క్లిక్ కుదరనివారిని దానికోసం వేధించవలసిన అవసరం లేదు. ఫైలును ఒక్కసారి క్లిక్ చేసి ఎంటర్ నొక్కినా అది తెరుచుకుంటుంది. పైగా మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగాన్ని తగ్గించుకోవచ్చు. లాగి వదలడాన్ని సాధన చేయడానికి పేకముక్కల ఆట ఇప్పటికీ పనికొస్తుంది. 1990లో వచ్చిన విండోస్ 3.0తో పాటు సాలిటేర్ ఆట అందినప్పుడు, మౌస్ ఎరుగని ఎందరికో ఈ కదలిక అలవాటైంది అందులోని ముక్కలను లాగడంతోనే.

కీబోర్డు గురించి మొదటి రోజున ఎక్కువ చెప్పకండి. వేళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పే చిన్న ఉబ్బెత్తు గీతలు ఎఫ్, జె కీల మీద ఉంటాయి; బ్యాక్‌స్పేస్ కర్సర్‌కు ఎడమవైపున్న అక్షరాన్ని, డిలీట్ కుడివైపున్న అక్షరాన్ని తొలగిస్తాయి. ఇంతవరకు చాలు. అయితే ఎస్కేప్ కీని, కంట్రోల్‌తో కలిపి జెడ్ నొక్కడాన్ని మాత్రం మొదటి గంటలోనే నేర్పాలి. మొదటిది మొదలుపెట్టిన పనిని మానుకోవడానికి, రెండవది చేసేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి. ఒక పేజీ నిండా అక్షరాలున్న నకలు ఫైలు ఇచ్చి, దాన్ని వారి చేతే కావాలని పాడుచేయించండి, మొత్తం చెరిపించండి, ఆ తరువాత కంట్రోల్, జెడ్‌తో తిరిగి రప్పించండి. పోయిందనుకున్నది తిరిగి రావడాన్ని ఒకసారి కళ్ళారా చూసినవారు, ఏదైనా పాడవుతుందేమోనన్న భయంతో చెయ్యి వెనక్కి తీసుకోరు.

ఫైలు ఎక్కడుంది?

తొలి పాఠాలలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించమనేది దీనికే. టైప్ చేసినది తెర మీద కనిపిస్తోంది కాబట్టి అది కంప్యూటర్‌లో ఉన్నట్టేనని కొత్తవారు సహజంగానే అనుకుంటారు. సేవ్ చేసేదాకా అది తాత్కాలిక జ్ఞాపకంలో మాత్రమే ఉంటుందని, కరెంటు పోతే అదీ పోతుందని చెప్పాలి. వర్డ్ దానంతట అదే పది నిమిషాలకోసారి ముందుజాగ్రత్తగా ఒక నకలు దాచుకునే ఏర్పాటు ఉన్నా, దాని మీద ఆధారపడడం నేర్పకూడదు.

ఇక్కడ చదవవలసిన చోటు కిటికీ పైభాగంలో ఉండే పేరు పట్టీ. అక్కడ "డాక్యుమెంట్1" అని ఉన్నంతవరకు ఆ ఫైలుకు ఇంకా పేరూ లేదు, ఊరూ లేదు. సేవ్ నొక్కినప్పుడు తెరుచుకునే పెట్టె నిజానికి రెండే ప్రశ్నలు అడుగుతోంది: ఏ పేరుతో, ఏ ఫోల్డరులో? ఆ రెండింటికీ జవాబులను గట్టిగా పలికి, ఆ తరువాతే సేవ్ నొక్కే అలవాటు చేయించండి. ఆ మీదట ఫైలును మూసివేయించి, ప్రోగ్రామును కూడా మూసివేయించి, ఫోల్డరు దారిలో వెళ్ళి అదే ఫైలును తెరవమనండి. ఈ చక్రం వారి అంతట వారు పూర్తిచేయగలిగేవరకు కొత్త విషయం మొదలుపెట్టకండి. అక్షరాల సైజు, రంగు మార్చడం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, తాను చేసిన పనిని మర్నాడు వెతికి తీసుకోలేనివారికి వాటివల్ల ప్రయోజనం లేదు.

మూసేటప్పుడు ఎదురయ్యే పెట్టెను కూడా ఇదే పద్ధతిలో చదివించాలి. సేవ్, డోంట్ సేవ్, క్యాన్సిల్ అన్న మూడింటిలో ఒక్కొక్కటి నొక్కితే ఏమవుతుందో, పనికిరాని ఫైలు మీద మూడుసార్లు వేర్వేరుగా చేయించి చూపండి. క్యాన్సిల్ అంటే మార్పులు రద్దు కావడం కాదని, మూసివేయాలన్న ఆలోచన రద్దయి మళ్ళీ ఫైలులోకే తిరిగి వస్తామని స్వయంగా చూస్తేనే నిలుస్తుంది. ఆంగ్లం చదవడం కష్టమైనవారు ఇలాంటి పెట్టెల్లో తరచుగా వచ్చే మాటలను, వాటివల్ల జరిగే పనితో సహా ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోవడం మంచిది. సేవ్‌కూ సేవ్ యాజ్‌కూ ఉన్న తేడా కూడా పేరు పట్టీలోనే తెలుస్తుంది: సేవ్ యాజ్ తరువాత అక్కడ కొత్త పేరు కనిపిస్తుంది, ఇకమీదట చేసే మార్పులన్నీ ఆ కొత్త ఫైలులోకే వెళతాయి.

వర్డ్‌లో

వర్డ్‌కు ఒక ఉత్తరం చాలు. ఊహాజనితమైన పాఠం కాకుండా, వారికి నిజంగా అవసరమున్న దరఖాస్తునో లేఖనో తీసుకోండి. ముందుగా పేరాగ్రాఫ్ గుర్తులు కనిపించేలా చేయండి. హోమ్ ట్యాబ్‌లో పేరా గుర్తు (¶) ఉండే బటన్‌తోగానీ, కంట్రోల్, షిఫ్ట్, 8 కీలు కలిపి నొక్కిగానీ వాటిని చూడవచ్చు. అప్పుడు స్పేస్ నొక్కిన ప్రతిచోటా చుక్క, ట్యాబ్ నొక్కిన చోట బాణం, ఎంటర్ నొక్కిన చోట పేరా గుర్తు బయటపడతాయి. పంక్తి చివరికి వచ్చిన ప్రతిసారీ ఎంటర్ నొక్కినవారి పేజీలో ఆ గుర్తులు ప్రతి పంక్తి చివరా వరుసగా నిలబడతాయి. ఇప్పుడు మొదటి వాక్యంలో రెండు మాటలు చేర్చమనండి. పంక్తులు ఎక్కడికక్కడ విరిగి, ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా తయారవుతాయి. పంక్తిని విరిచే పని వర్డ్‌దేనని, పేరా ముగిసినప్పుడే ఎంటర్ నొక్కాలని ఇంతకంటే బాగా చెప్పే ఉపన్యాసం లేదు. తేదీని కుడివైపుకు జరపడానికి స్పేస్‌ల వరుస, కొత్త పేజీ కోసం ఎంటర్‌ల వరుస వాడడం కూడా ఇలాగే బయటపడుతుంది. మొదటిదానికి కుడి అలైన్‌మెంట్, రెండవదానికి కంట్రోల్‌తో ఎంటర్ ఉన్నాయని అప్పుడు చెప్పండి.

ముందు సెలెక్ట్ చేయడం, తరువాత మార్చడం అన్న క్రమం వర్డ్ అంతటా వర్తిస్తుంది. అక్షరాల వెనుక రంగు పరుచుకుని ఉంటే, తరువాత నొక్కే బటన్ ప్రభావం అంతమేరకే ఉంటుంది. ఆ రంగు ఉండగా కీబోర్డు మీద అక్షరం నొక్కితే ఆ భాగమంతా పోయి, ఆ ఒక్క అక్షరమే మిగులుతుంది. కంట్రోల్, జెడ్ ఇక్కడ మళ్ళీ అక్కరకు వస్తుంది.

తెలుగులో టైప్ చేయదలచినవారికి టాస్క్‌బార్ కుడి చివర ఉండే భాష గుర్తును చదవడం నేర్పండి. విండోస్ కీతో స్పేస్ నొక్కితే ఆ గుర్తు మారుతుంది. ఏ కీబోర్డు లేఅవుట్ ఎంచుకున్నా, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లోనే రాయడం అవసరం, ఎందుకంటే పాత పద్ధతి ఫాంట్లతో రాసినది ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది.

ఎక్సెల్‌లో

ఎక్సెల్‌ను ఫార్ములాల జాబితాతో మొదలుపెట్టకండి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ అనే లెక్కల పట్టిక ప్రోగ్రాము జనాన్ని ఆకట్టుకోవడానికి కారణం, ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ క్షణంలో తిరిగి లెక్కకు రావడమే. నేటి ఎక్సెల్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్ గానీ చేసేది మౌలికంగా అదే. ఐదు ఖర్చులను నిలువుగా రాయించి, కింద మొత్తం వేయించి, అందులో ఒక ఖర్చును మార్పించండి. కింద మొత్తం దానంతట అది మారడాన్ని వారు చూడాలి. ఆ తరువాత మొత్తం ఉన్న సెల్ (గడి) మీద క్లిక్ చేయించి, పైన ఫార్ములా బార్‌లో ఏముందో చదివించండి. సెల్‌లో అంకె కనిపిస్తోంది, బార్‌లో సమాన గుర్తుతో మొదలయ్యే లెక్క ఉంది. కనిపించేదీ నిజంగా ఉన్నదీ వేరు కావచ్చునన్న ఈ ఎరుకే ఎక్సెల్‌లో సగం చదువు.

అంకెలు సెల్‌లో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. అంకె అనుకున్నది ఎడమవైపు అంటుకుని ఉంటే ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుందని సందేహించాలి. మొత్తంలో అది కలవదు. సున్నాతో మొదలయ్యే నంబరు రాస్తే ఆ సున్నా మాయమవుతుంది, పదహారు అంకెల నంబరు రాస్తే చివరి అంకె సున్నాగా మారుతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది. అలాంటి వాటి ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టమని చెప్పండి. మూడు నాలుగు అన్న అర్థంలో 3-4 అని రాస్తే తేదీ ప్రత్యక్షమవుతుంది. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కించి ఎక్సెల్ తేదీలన్నిటినీ అంకెలుగానే దాచుకుంటుంది. సెల్ నిండా ##### కనిపిస్తే తప్పేమీ జరగలేదు, చాలా సందర్భాల్లో నిలువు వరుస వెడల్పు చాలలేదని మాత్రమే దాని అర్థం.

పాయింటర్ రూపాల పాఠం ఇక్కడ మరోసారి అవసరమవుతుంది. సెల్ మధ్యలో పాయింటర్ లావుపాటి తెల్లని కూడిక గుర్తు, అంటే ఎంచుకోవడానికి. సెల్ కుడి కింది మూలలో ఉన్న చిన్న చతురస్రం మీద అది సన్నని నల్లని కూడిక గుర్తు, అంటే కిందికి నింపడానికి. అంచు మీద నాలుగు మొనల బాణం, అంటే ఉన్నదాన్ని వేరే చోటికి తరలించడానికి. పట్టిక చిందరవందర కావడానికి చాలాసార్లు ఈ మూడింటి మధ్య తేడా చూడకుండా లాగడమే కారణం.

ఇంకొక చిక్కు ఉంది, దానికి వెనుక చరిత్ర కూడా ఉంది. 1970లలో జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని తీర్చిదిద్దిన లారీ టెస్లర్, ఒకే కీ ఒక్కో స్థితిలో ఒక్కో పని చేయడం కొత్తవారిని గందరగోళపరుస్తుందని గట్టిగా వాదించాడు. ఎక్సెల్‌లో అలాంటి స్థితులు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. సెల్‌లో ఏదో టైప్ చేస్తూ మధ్యలో ఆపితే పైన రిబ్బన్‌లో చాలా బటన్లు మసకబారి పనిచేయడం మానేస్తాయి. కంప్యూటర్ చెడిపోయిందేమోనని కొత్తవారు కంగారుపడతారు. కిటికీ కింద ఎడమ మూల చూడమనండి. అక్కడ రెడీ అన్న మాటకు బదులు ఎంటర్ అనో, ఎడిట్ అనో ఉంటుంది. ఎంటర్ కీతో రాసినదాన్ని ఖాయం చేసినా, ఎస్కేప్‌తో వదులుకున్నా రెడీ తిరిగి వస్తుంది, బటన్లూ మేల్కొంటాయి.

నేర్పినది ఎంతవరకు అందిందో తెలుసుకోవడానికి ప్రశ్నలు వేయనవసరం లేదు. ఒక చిన్న లేఖ, ఒక పట్టిక ఇచ్చి, రెండింటినీ తయారుచేసి చెప్పిన ఫోల్డరులో చెప్పిన పేర్లతో దాచమనండి. ప్రింట్ తీయడానికి ముందు ప్రివ్యూ చూడమనండి. మీరు పక్కనే మౌనంగా కూర్చోండి. వారి చెయ్యి ఆగిన ప్రతిచోటా ఆ సమయంలో తెర మీద ఏముందో, వారి చూపు ఎక్కడుందో రాసుకోండి. తరువాతి పాఠాన్ని ఆ కాగితం చూసి మొదలుపెట్టండి.