బూట్ల సంరక్షణ – మూడవ పాఠం: లేసు ఎంత పొడవుండాలి, విడిపోయిన కొసను ఎలా కట్టాలి

తోలు బూట్లను శుభ్రం చేసి పాలిష్ పెట్టడం గత రెండు పాఠాలలో నేర్చుకున్నాం. పాలిష్ చేసేటప్పుడు లేసులు తీసి పక్కన పెట్టమని చెప్పాను కదా, అలా తీసినవాటిని తిరిగి ఎక్కించబోయినప్పుడే చాలామందికి ఈ పాఠంతో పని పడుతుంది. కొస పోగులుగా విడిపోయి కన్నంలో దూరదు. కొత్తది కొందామని వెళితే ఏ పొడవు అడగాలో తెలియదు.

నాకూ తెలియలేదు. హనుమకొండ చౌరస్తాలో "పెద్ద సైజు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్న లేసు నా బూట్లకు జానెడు ఎక్కువైంది. మడతలు నేలకు జీరాడి, ఒకసారి సైకిల్ పెడల్‌కు చుట్టుకున్నాయి కూడా. ఆ మాట విన్న చెప్పులు కుట్టే పెద్దాయన నవ్వి, "మొదలు కన్నాలు లెక్కవెట్టుకొని రా సారూ, లేసు సంగతి గప్పుడు చూద్దాం" అన్నాడు. ఈ పాఠంలో సగం ఆయన మాటలోనే ఉంది.

మిగతా సగం కొలత. బూటును కాలికి తొడుక్కొని, మామూలుగా ఎంత బిగువు ఉంచుకుంటారో అంతే బిగించి కొలవండి, ఎందుకంటే ఖాళీ బూటులో రెండు వరుసల కన్నాలు దగ్గరికి జరిగిపోయి కొలత తక్కువ వస్తుంది. సాయంత్రానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి ఆ వేళ కొలిస్తే ఇంకా మంచిది. కొలవవలసినవి రెండే: అడుగున ఉన్న జత కన్నాల మధ్య అడ్డ దూరం, ఒక కన్నం నుంచి ఎదుటి వరుసలోని పై కన్నానికి ఐమూల దూరం. ఉదాహరణకు అడ్డ దూరం 5 సెంటీమీటర్లు, కన్నానికీ దాని పై కన్నానికీ మధ్య 2 సెంటీమీటర్లు ఉన్న బూటులో ఐమూల దూరం దాదాపు 5.4 సెంటీమీటర్లు వస్తుంది. కన్నాలు ఆరు జతలైతే వాటి నడుమ ఐదు ఖాళీలు, ఒక్కో ఖాళీలో లేసు రెండుసార్లు దాటుతుంది, అంటే పదిసార్లకు 54 సెంటీమీటర్లు. దానికి అడుగున అడ్డంగా పోయే 5, ముడికి ఒక్కో వైపు 25 చొప్పున 50 కలిపితే 109 సెంటీమీటర్లు తేలుతుంది. ఇదే కొలతలున్న బూటుకు ఐదు జతలైతే 98, ఏడు జతలైతే 120. జత పెరిగిన కొద్దీ సుమారు 11 సెంటీమీటర్లు పెరుగుతుందని గుర్తుంటే చాలు.

దుకాణాల్లో సాధారణంగా 90, 100, 120, 140 సెంటీమీటర్ల లేసులు దొరుకుతాయి. 109 కావలసిన చోట 100 కొంటే ముడికి ఒక్కో వైపు ఇరవై మాత్రమే మిగిలి వేళ్లకు పట్టు దొరకదు. అందుకే పై కొలతకే వెళ్ళండి. లెక్క నచ్చనివారు పురికొసను కన్నాలలో ఎక్కించి, ముడి వేసి, విప్పి కొలుచుకోవచ్చు. పాత లేసు సరిపోయేదే అయితే దాన్నే సాగదీయకుండా కొలిస్తే పని తీరిపోతుంది.

ఎక్కించే పద్ధతి మారితే పొడవు కూడా మారుతుంది. బర్కార్డ్ పోల్‌స్టర్ అనే గణిత శాస్త్రవేత్త 2002లో నేచర్ పత్రికలో దీన్ని లెక్కగట్టి చూపాడు. ఒక ఖాళీలో ఐమూలగా దాటించి, తరువాతి ఖాళీలో అంచు వెంట నిలువుగా తీసే పద్ధతికి అన్నిటికంటే తక్కువ లేసు పడుతుంది. కొన్న లేసు కొద్దిగా పొట్టిదైతే పారవేయకుండా ఇలా ఎక్కించి చూడండి.

ఇక కొస సంగతి. లేసు ఒక అల్లిక. దాని చివరనున్న ప్లాస్టిక్ తొడుగు పగిలిపోతే పోగులను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానా అంచును చూడండి, మగ్గం నుంచి కోసిన తరువాత మిగిలిన పడుగు పోగులను ముడివేయకుండా వదిలితే పేక జారిపోతుంది. లేసు కొసకు కావలసినది కూడా అలాంటి కట్టే.

ముందుగా లేసు నూలుదో, నైలాన్ లేదా పాలిస్టర్‌దో తేల్చుకోవాలి. విడిపోయిన ఒక పోగును కత్తిరించి, పట్టకారుతో పట్టుకొని స్టీలు పళ్ళెం మీద వెలిగించండి. ముడుచుకుపోయి గట్టి పూసగా మారితే అది కరిగే రకం, కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. ఈ పరీక్ష లేకుండా నిప్పు దగ్గరికి వెళ్ళకూడదు.

కరిగే రకమైతే విడిపోయిన భాగాన్ని నిటారుగా కత్తిరించి, కొవ్వొత్తి మంటలో పెట్టకుండా పక్కన సెంటీమీటరు దూరంలో ఉంచి తిప్పుతూ కరిగించాలి, మంటలో పెడితే మసి పడుతుంది. మెత్తబడ్డ కొసను చెంచా వెనుక భాగంతో నొక్కండి. వేళ్లతో నొక్కితే కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకొని కాలుతుంది. పూస కన్నం కంటే లావైతే శ్రమంతా వృథా కనుక, వేడిగా ఉండగానే సన్నగా సాగదీయాలి.

నూలు లేసుకు గట్టి దారమే మేలు. దారాన్ని మడతపెట్టి కొస మీద పొడుగునా పరచి, దాని మీదుగా రెండు సెంటీమీటర్ల మేర పక్కపక్కనే బిగువుగా చుట్టి, చివరను మడతలో దూర్చి అవతలి నుంచి లాగితే ముడి కనిపించకుండా లోపలే ఉండిపోతుంది. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే హీట్ ష్రింక్ స్లీవు ఇంకా తేలిక, ముక్క తొడిగి దూరం నుంచి వేడి చూపితే బిగుసుకుంటుంది. పారదర్శక టేపు రెండు చుట్లు వేస్తే ఆ రోజు గడుస్తుంది, వానాకాలంలో అదీ కష్టమే. తక్షణం అంటుకునే ఫెవిక్విక్ వంటి జిగురును మాత్రం నూలు లేసుపై పోయవద్దు. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి పొగలు కక్కి వేళ్లను కాల్చగలదు.

కత్తిరించిన ప్రతిసారీ లేసు తగ్గుతుందని మరవకండి. రెండు కొసలకూ సెంటీమీటరు చొప్పున తీస్తే రెండు పోతాయి. అందుకే కత్తెర పట్టేముందే పొడవు కొలిచి, ముడికి చాలినంత మిగులుతుందో లేదో చూసుకోండి. మిగలకపోతే కొత్తది కొనడమే నయం. బాగుచేసిన కొసను పదిసార్లు కన్నంలోంచి దూర్చి తీసి, ఎక్కడా చిక్కుకోవడం లేదని నిర్ధారించుకున్నాకే బూటుకు ఎక్కించండి. ఆ లేసును ఊడకుండా ముడివేయడం నాలుగవ పాఠంలో చూద్దాం.