పైథాన్ పిల్లలను ఒకే డబ్బాలో పెట్టాలా, విడివిడిగానా?

బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువ రకం) పిల్లలు రెండు తెచ్చుకున్నవాళ్లకు ముందుగా తోచేది ఇదే: ఒకే తల్లి పిల్లలు కదా, ఒకే డబ్బాలో పెడితే ఒకదానికొకటి తోడుంటాయి అని. దయచేసి అలా పెట్టకండి. మిర్యాలగూడలో నేను మొదట అదే పని చేశాను. ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పడుకుంటే చూసి మురిసిపోయాను. రెండు నెలలకు ఒకటి బాగా ఒళ్లు చేసింది, రెండోది వెన్నెముక పైకి తేలేంతగా చిక్కిపోయింది. బలంగా ఉన్నది వెచ్చని చోటును తనే పట్టుకుంది. రెండోదానికి ఆ వేడి సరిగా అందలేదు. వేడి అందకపోతే పాముకు తిండి అరగదు, ఆ టెన్షన్‌కు తిండే మానేస్తుంది.

డబ్బాల సంగతికి ముందు ఒక మాట. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. నల్లమలలో, పొలాల గట్ల మీద కనిపించే మన కొండచిలువ వేరు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 రక్షణ ఉంది, పిల్లనైనా ఇంట్లో పెంచడం నేరం. కనిపిస్తే అటవీ శాఖవాళ్లకు చెప్పండి. బాల్ పైథాన్‌నైనా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు చూడకుండా కొనకండి.

ఇక ఏర్పాటు. పిల్లకొక డబ్బా. అడుగున్నర పొడవున్న ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది, కానీ మూతకు క్లిప్పులు గట్టిగా పడాలి. కాల్చిన మేకుతో పక్కల్లో గాలి రంధ్రాలు చేయండి. అడుగున కొబ్బరి పొట్టు గానీ పాత పేపర్ గానీ పరిచి, ఒరిగిపోని నీళ్ల గిన్నె పెట్టండి. దాక్కోవడానికి రెండు చోట్లు కావాలి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి. అంచులు నున్నగా అరగదీసిన కుండ పెంకు చాలు. అది ఇరుకుగా ఉంటేనే పిల్లకు ధైర్యం.

వెచ్చని వైపు 31-32 డిగ్రీలు, చల్లని వైపు 25-27 ఉండాలి. హీట్ మ్యాట్‌ను (డబ్బా ఒక వైపు అడుగున పెట్టే, కరెంటుతో వేడెక్కే చాప) థర్మోస్టాట్ (వేడి మించకుండా చూసే పరికరం) లేకుండా పెట్టకండి, పొట్ట కాలుతుంది. మన దగ్గర అసలు కష్టం చలికాలంలో కాదు, మే నెలలో. నల్గొండలో ఎండ 44 దాటే రోజుల్లో మ్యాట్ ఆపేసి, డబ్బాలను రేకుల గది నుంచి తీసి ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో నేల మీద పెట్టండి. 35 దాటితే పిల్ల ప్రాణానికే ముప్పు. ఒకదానిపై ఒకటి పేరిస్తే పై డబ్బా ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి ప్రతి డబ్బాకూ థర్మామీటర్ ఉండాలి.

తిండి కూడా ఎవరి డబ్బాలో వాటికే. ఒకే ఎలుకను రెండూ పట్టుకుంటే కొరుక్కుంటాయి, ఒకదాన్నొకటి మింగబోయే ప్రమాదమూ ఉంది. పాము ఒళ్లు ఎక్కడ లావుగా ఉందో అంత లావు ఎలుక పిల్లను 5-7 రోజులకోసారి ఇవ్వండి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు. వారానికోసారి వంటింటి కాటా మీద కాకుండా, వీటికోసమే విడిగా పెట్టుకున్న చిన్న డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. కలిపి పెడితే తిన్నది కక్కింది ఏదో, విరేచనం ఏ పిల్లదో, సరిగా కుబుసం విడవనిది ఏదో తెలియదు. మైట్స్ (పాము రక్తం పీల్చే చిన్న పురుగులు) ఒకదానికి పడితే రెండోదానికీ పడతాయి. అందుకే కొత్తగా తెచ్చినదాన్ని మూడు నెలలు వేరే గదిలోనే ఉంచండి, ఒకదాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే రెండోదాని దగ్గరికి వెళ్లండి.

ఇప్పటికే కలిపి పెట్టి ఉంటే ఈ రోజే విడదీయండి. బలహీనమైనదాన్ని అలవాటైన డబ్బాలోనే వదిలి, బలంగా ఉన్నదాన్ని కొత్తదాంట్లోకి మార్చండి. వారం పాటు ఎత్తుకోకండి, తర్వాత రాత్రి పూట తిండి పెట్టి చూడండి. రెండు మూడు సార్లు వదిలేసి బరువు కూడా తగ్గుతుంటే పాములు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మా చిక్కిన పిల్ల విడదీసిన తొమ్మిదో రోజు రాత్రి తిన్నది.